పక్కింటి పొగగొట్టం

స్వాన్సీ
అక్టోబరు 2012

గ్వెండా అక్కకు,

ఫోన్ చేయమని రాశావు. ఫోన్లో నా మాట సగం నీకు వినపడదు, మిగతా సగం నువ్వు వినవు. అందుకే ఎప్పటిలా కాగితం మీద పెడుతున్నాను.

మా భవనంలో ఇప్పుడు ఒకటే గోల. పైకప్పులకు చిల్లులు పెట్టాలట! ఈ ఫ్లాట్లు కట్టిన మహానుభావుడు ఇల్లు వెచ్చబరిచే గ్యాస్ బాయిలర్లను లోపలి గోడలకు బిగించాడు. పొగ బయటికి పోవాలి కదా, దాని గొట్టం పైకప్పు అట్టల వెనక దాక్కుని బయటి గోడ దాకా పోతుంది. మా గొట్టం మా వంటింటి మీదుగానే వెళుతుంది, దాంతో పేచీ లేదు. పక్కింటి బెథన్ వాళ్ళ గొట్టం మాత్రం సరిగ్గా మా పడకగది మీదుగా పోతోందట. లోపల అతుకులు ఎలా ఉన్నాయో కంటికి కనపడకపోతే తనిఖీకి వచ్చినవాడు బాగుందని రాయడు. కొత్త సంవత్సరంలోగా అతుకు ఉన్న ప్రతిచోటా పైకప్పులో చిన్న తలుపు పెట్టించాలి, లేదంటే బాయిలర్ ఆపేయమంటారు.

బెథన్ చంటిపాపను చంకనేసుకుని వచ్చింది. "ఆంటీ, ఒక్క పూట పనంట. మంచం మీద, బీరువా మీద దుప్పట్లు నేనే కప్పుతాను, దుమ్మంతా నేనే ఊడుస్తాను" అంది. కుదరదని గుమ్మంలోనే చెప్పి పంపేశాను. ఆ పైకప్పుకు మేం కిందటేడేగా రంగు వేయించాం. వాళ్ళ బాయిలర్ కోసం నా మంచం మీద కిటికీ పెట్టుకోమంటే ఎలా?

ఎమ్రిస్ బాగానే ఉన్నాడు. గొంతు కాస్త పాడైంది, అందుకని గురువారాలు పాటల సాధనకు వెళ్ళడం లేదు. ఈ నెలలో వస్తానన్నావు. ఇల్లంతా చిందరవందరగా ఉంది, మరోసారి రా. ఇద్వాల్ బావను అడిగానని చెప్పు.

నీ చెల్లెలు,
డిలిస్


ట్రెగారన్
నవంబరు

డిలిస్,

పైకప్పు గురించి ఒక పేజీ, మొగుడి గురించి ఒక ముక్క. ఎప్పటినుంచమ్మా నీకు పైకప్పు మీద ఇంత ప్రేమ? మన చిన్నప్పుడు వానొస్తే గదిలో మూడు చోట్ల గిన్నెలు పెట్టుకుని పడుకున్నవాళ్ళం. పలకంత తలుపు పెడితే నీ పరువు పోతుందా? ఆ పిల్ల చంటిబిడ్డతో వచ్చి అడిగితే గుమ్మంలోంచి పంపేశావా? ఇలా ఎప్పుడు తయారయ్యావే నువ్వు?

ఇక్కడ సంగతులు మామూలే. మీ బావ కొత్త పొట్టేలును కొన్నాడు. అది రెండుసార్లు కంచె దూకింది, ఈయన మూడోసారి దూకబోయి నడుం పట్టేసుకున్నాడు. పొట్టేలు బాగానే ఉంది.

మరిదికి గొంతు బాగోలేదంటున్నావు. గొంతు పాడైతే చెయ్యి కూడా పడిపోయిందా? నీ ఉత్తరం చివర ఎప్పుడూ ఏదో ఒక వెటకారం రాసేవాడు. "వదినా, మీ గొర్రెలకంటే మీరే గట్టిగా అరుస్తారు" అని రాశాడు కిందటేడు. దాని మీద నేను నెల్లాళ్ళు మాట్లాడలేదు. ఇప్పుడు ఆ ముక్క లేకపోతే ఉత్తరం చప్పగా ఉంది. రాయమను.

క్రిస్మస్‌కు ఎప్పటిలా మేమే వస్తాం. పండగ విందుకు బాతు మాది.

గ్వెండా


స్వాన్సీ
డిసెంబరు

అక్కా,

ఈసారి క్రిస్మస్‌కు రావద్దు. కోపం తెచ్చుకోకు. ఎమ్రిస్‌కు గొంతుతో పాటు కాస్త నీరసంగా కూడా ఉంది. ఎక్కువసేపు పడుకునే ఉంటున్నాడు. నేను సోఫా మీద పడుకుంటున్నాను కాబట్టి మీకు చోటు కూడా లేదు. నా నడుముకు సోఫానే బాగుంది, ఇంకేమీ లేదు.

పాటల బృందం నుంచి హేడన్ మళ్ళీ వచ్చాడు. "చెల్లెమ్మా, వాడి ముఖం చూసి పోతా, పాట పాడమని అడగన్లే" అన్నాడు. పడుకున్నాడని చెప్పాను. "పోయిన వారం కూడా పడుకునే ఉన్నాడుగా" అని నవ్వాడు. ఆ మనిషికి పెద్ద గొంతు, మెట్లన్నీ మోగిపోతాయి. తలుపు వేసేశాను.

బెథన్ కూడా వదలడం లేదు. నేను మెట్లు దిగుతుంటే ఎదురొస్తుంది, చెత్త పడేయడానికి వెళితే వెనకే వస్తుంది. పెళ్ళికి పిలిచినట్టు రోజూ అదే పిలుపు. ఎవరి ఇంట్లోకి ఎవరు రావాలో చెప్పే హక్కు ఇంటి ఆడదానికి లేదా? నువ్వు కూడా దాని పక్షమే తీసుకున్నావు. ఇక ఆ సంగతి ఎత్తకు.

డిలిస్


ట్రెగారన్
డిసెంబరు నెలాఖరు

డిలిస్,

బాతు మేమిద్దరమే తిన్నాం. గొంతు దిగలేదు.

పండగ పూట మీ బావ నీకు ఫోన్ చేశాడు కదా. నా చెవులు పోయాయి గానీ ఆయనవి బాగానే ఉన్నాయి. నువ్వు "అందరం బాగున్నాం బావా" అంటుంటే వెనకాల ఎవరో తలుపు బాదుతున్నారట. "అమ్మా, అమ్మా, తలుపు తియ్యవే" అని ఏడుస్తున్నారట. అది ఎమ్రిస్ గొంతని ఈయన అంటున్నాడు. నేను నమ్మలేదు. ఆయన తల్లి పోయి ఎన్నేళ్ళయింది?

నేను నీకు ఏం అపకారం చేశానో తెలియదు. చెప్పాలనిపిస్తే రాయి. లేకపోతే మానెయ్యి.

గ్వెండా


స్వాన్సీ
జనవరి 2013

అక్కా,

బావ విన్నది నిజమే.

కిందటి చలికాలంలో మొదలైంది. ముందు తలనొప్పి అన్నాడు. తర్వాత మాటల మధ్యలో ఆగిపోయేవాడు. ఎన్నో ఏళ్ళుగా పాడుతున్న పాటలో రెండో చరణం మర్చిపోయి హేడన్ ముఖం చూస్తూ నిలబడిపోయాడట. డాక్టరు జ్ఞాపకశక్తి పరీక్షకు వెళ్ళమన్నాడు. ఆ రోజు నేను ఫోన్ చేసి జలుబు చేసిందని మాన్పించేశాను. వేసవిలో కాస్త తేరుకున్నాడు, గండం గడిచిందనుకున్నాను. మళ్ళీ చలి మొదలయ్యేసరికి ఇదివరకటికంటే ఘోరంగా తయారైంది.

ఇప్పుడు పక్క తడుపుతున్నాడు అక్కా. ఆ మనిషి, చాపెల్‌లో ప్రార్థనకు పెద్దమనిషిగా ముందు వరసలో కూర్చునేవాడు, బూట్లు మెరవకపోతే గుమ్మం దాటనివాడు. నేను పక్కన పడుకోలేక సోఫా మీదికి వచ్చేశాను. ఒకరోజు పైజమాతో మెట్ల దాకా వెళ్ళిపోయాడు, కింది ఇంటివాళ్ళు చూశారు. ఆ మర్నాడే పడకగది తలుపుకు బయట గడియ పెట్టించాను. తలుపు బాదుతుంటే బయటికి వినపడకుండా రేడియో పెద్దగా పెడతాను. నన్ను చూసి అమ్మా అంటాడు. మొదట్లో కాదని చెప్పేదాన్ని, ఇప్పుడు పలుకుతున్నాను.

ఆ గది వాసన, ఆ పక్క, ఆయన అవతారం. వాటి మధ్యలోకి ఎవడో నిచ్చెన వేసుకుని వచ్చి నిలబడి చూస్తాడంటే నా ప్రాణం ఒప్పుకోలేదు. పైకప్పు రంగు అదీ ఇదీ అన్నీ వంకలే.

ఇంకో సంగతి కూడా ఉంది, అది రాయడానికి చెయ్యి రావడం లేదు. గొట్టం చూడలేకపోయారు కాబట్టి బెథన్ వాళ్ళ బాయిలర్ ఆపేశారు. ఇక్కడ మంచు పడుతోంది. పాపకు ఇంట్లో కూడా టోపీ పెట్టి పడుకోబెడుతున్నారు. మొన్న బెథన్ మా తలుపు దగ్గర కూర్చుని, ఉత్తరాలు వేసే కంతలోంచి పిలిచింది. "ఆంటీ, లోపలున్నారని నాకు తెలుసు. పాపకు దగ్గు. మీకేదైనా ఇబ్బంది ఉంటే చెప్పండి, నేను కళ్ళు మూసుకునే వస్తాను" అంది. నేను తలుపుకు ఇవతల, ఊపిరి బిగపట్టి నిలబడ్డాను. అది ఏడ్చి ఏడ్చి వెళ్ళిపోయింది.

నాకు సిగ్గేస్తోంది అక్కా. అయినా తలుపు తీయలేను. నువ్వు రావద్దు, ఎవరికీ చెప్పొద్దు.

డిలిస్


ట్రెగారన్
జనవరి

చిన్నీ,

నీ ఉత్తరం చదివి మీ బావకు ఇచ్చాను. ఆయన చదివి గొర్రెల దగ్గరికి వెళ్ళి చీకటిపడ్డాక వచ్చాడు. ఎవరికీ చెప్పొద్దన్నావు. ఆయన ఎవరో కాదు కాబట్టి చెప్పాను.

ముందు తిట్టనీ. సిగ్గు ఎవరికి? మరిదికా, నీకా? ఆయనకు తెలివి ఉంటే కదా సిగ్గుపడడానికి! సిగ్గంతా నీదే. ఒళ్ళు బాగోలేని మనిషిని దొంగలా గదిలో పెట్టి గడియ వేశావు. పక్కింటి పసిపిల్లను చలికి వదిలేశావు. మన అమ్మ ఉంటే ఏమనేదో నీకు తెలుసు, నేను రాయను.

తిట్టడం అయిపోయింది. ఇంత బరువు ఒక్కదానివే ఎలా మోశావే? నా దగ్గర దాచడానికి నీకు మనసెలా ఒప్పింది? నేనేమైనా తక్కువా, అక్టోబరులోనే నాకు ఏదో తేడాగా అనిపించింది. క్రిస్మస్‌కు వద్దన్నావని ఉక్రోషంతో ఊరుకున్నాను. రాలేకపోవడం వేరు, రాకపోవడం వేరు. నేను రాలేదు.

మా వైపు కొండదారి మంచుతో మూసుకుపోయింది. తెరవగానే వస్తాను. నువ్వు వద్దన్నా వస్తాను. ఈలోపు ఆ పిల్లకు తలుపు తియ్యి. పక్క తడిసి ఉంటే తడిసి ఉందని చెప్పు. దానికీ చంటిపిల్ల ఉందిగా, తడిసిన పక్క దానికి కొత్తా?

నీ అక్క


స్వాన్సీ
ఫిబ్రవరి

అక్కా,

దేవుడు ఉన్నాడు! నిన్న ఎమ్రిస్ నన్ను పేరు పెట్టి పిలిచాడు.

కొన్నాళ్ళుగా గమనిస్తూనే ఉన్నాను, పైకి అంటే దిష్టి తగులుతుందని ఊరుకున్నాను. ముందు పక్క పొడిగా ఉండటం మొదలైంది. తర్వాత తలనొప్పి అనడం మానేశాడు. మొన్న తనంతట తానే గడ్డం గీసుకున్నాడు, ఒకచోట తెగింది కూడా. నిన్న పొద్దున గుడ్లు వేయించి పెట్టమన్నాడు. పెడితే, "డిలిస్, ఉప్పు మర్చిపోయావు" అన్నాడు. నేను వంటింట్లోకి వెళ్ళి నోటికి గుడ్డ అడ్డం పెట్టుకుని ఏడ్చాను. ఇన్ని నెలల ప్రార్థన వృథా పోలేదు.

నువ్వు చెప్పినట్టే చేశాను. బెథన్ తలుపు కొట్టి, ఎప్పుడు కావాలంటే అప్పుడు గ్యాస్ మనిషిని తీసుకురమ్మన్నాను. అది నమ్మలేక నా ముఖం వంక చూసింది. గది కడిగాను, కిటికీలు తీశాను, మంచం మీద మన అమ్మ కుట్టిన దుప్పటి పరిచాను. ఎమ్రిస్‌కు ఇస్త్రీ చొక్కా వేశాను. ఇప్పుడు ఎవరొచ్చి చూసినా ఫరవాలేదు.

డిలిస్


స్వాన్సీ
అదే వారం

అక్కా,

అక్షరాలు కుదరకపోతే ఏమనుకోకు.

గ్యాస్ మనిషి వచ్చాడు. మంచం జరిపి, నిచ్చెన వేసి, పైకప్పులో చదరంగా కోశాడు. కోసిన అట్టముక్క కింద పెట్టాడు. దాని లోపలి వైపు తడిసి, ఉబ్బి, చారలు కట్టి ఉంది. టార్చి పట్టుకుని లోపలికి చూశాడు. తర్వాత కిందికి దిగి, టోపీ తీసి, "ఈ గదిలో ఎవరు పడుకుంటారండీ?" అని అడిగాడు.

అతుకు ఊడిపోయి ఉందట. గొట్టం ఒక ముక్క ఇటు, ఒక ముక్క అటు. బెథన్ వాళ్ళ బాయిలర్ మండినప్పుడల్లా ఆ పొగ బయటికి పోకుండా మా పైకప్పులో నిండి, దీపం తీగ దిగే కంతలోంచి మా మంచం మీదికి దిగేది. ఆ పొగలోని విషవాయువుకు రంగు లేదు, వాసన లేదు. ఒక్కసారిగా అయితే మనిషిని చంపుతుంది, కొంచెం కొంచెంగా అయితే బుద్ధిని తినేస్తుందట. చలి ముదిరేకొద్దీ బాయిలర్ ఎక్కువ మండేది, ఈయన ఎక్కువ పాడయ్యేవాడు. కిందటి చలికాలంలో నాకూ తలనొప్పులు వచ్చేవి, వయసు అనుకున్నాను. ఈసారి సోఫా మీదికి వచ్చేశాను కాబట్టి నాకేమీ కాలేదు.

ఆయన బాగుపడింది నా ప్రార్థనతో కాదు అక్కా. పక్కింటి పాప చలికి వణికింది కాబట్టి బాగుపడ్డాడు. వాళ్ళ బాయిలర్ ఆపేసిన దగ్గర్నుంచే ఆయనకు తెలివి వచ్చింది. ఆయన తేరుకున్నాడు కాబట్టి నేను తలుపు తీశాను. అక్టోబరులో బెథన్ మొదటిసారి అడిగినప్పుడు తీసి ఉంటే? ఆ గదికి నేనే గడియ పెట్టించాను. ఆ పొగ కిందికి ఆయన్ని నేనే నెట్టి తలుపు వేశాను. ఆయన బయటికి రావాలని కొట్టుకుంటుంటే రేడియో పెద్దగా పెట్టాను.

ఆస్పత్రికి తీసుకెళ్ళాం. పోయినదంతా తిరిగి వస్తుందని చెప్పలేమన్నారు. చాలావరకు రావచ్చట.

ఇంకా విను. గ్యాస్ మనిషి చెబుతుండగానే బెథన్ తెల్లబోయి, నా చేతులు పట్టుకుంది. "క్షమించండి ఆంటీ, మా గొట్టం వల్ల అంకుల్‌కు ఇలా అయింది, మమ్మల్ని క్షమించండి" అని ఏడ్చింది. నేనేం చేశానో తెలుసా? ఫరవాలేదులే అమ్మా అన్నాను.

డిలిస్


ట్రెగారన్
మార్చి

డిలిస్,

మీ దగ్గర్నుంచి వచ్చి క్షేమంగా చేరాను. మీ బావ ఒక్కడే ఉన్నన్నాళ్ళూ గుడ్లు, రొట్టె తప్ప ఏమీ తినలేదట. నన్ను చూసి గొర్రెపిల్లలకంటే ఎక్కువ సంబరపడ్డాడు.

అక్కడ ఉండగా నీతో అనలేదు, ఉత్తరంలో అయితే నువ్వు మధ్యలో లేచి టీ పెట్టడానికి పారిపోలేవు. ఆ రోజు మరిదిని సముద్రం ఒడ్డున నడిపించడానికి తీసుకెళ్ళాను కదా. బల్ల మీద కూర్చున్నాక అన్నాడు, "వదినా, అన్నేళ్ళు వాళ్ళతో నిలబడి పాడాను. మంచాన పడితే ఒక్కడు, ఒక్కడంటే ఒక్కడు తొంగిచూడలేదు. హేడన్ కూడా. నేనంటే వాళ్ళకు అంతేనన్నమాట" అని. ఆయన కళ్ళలో నీళ్ళు చూడటం నాకు అదే మొదలు. ఇక పాటలకు పోనన్నాడు.

హేడన్ ఎన్నిసార్లు వచ్చాడో నువ్వే రాశావు. నా నాలుక చివరి దాకా వచ్చింది. అది నేను చెప్పే మాట కాదని మింగేశాను.

నువ్వు చెప్పు. ఆ గాలి ఆయన బుర్రను తింది, అది నీకు తెలియక జరిగింది. ఇది మాత్రం తెలిసి చేస్తున్నావు. నీ పరువు కోసం ఆయన స్నేహితులందరినీ ఆయనకు చచ్చిపోయినవాళ్ళను చేస్తావా? రోజూ ఆయన ముఖం చూస్తూ అన్నం ఎలా పెడుతున్నావు?

గ్వెండా


స్వాన్సీ
ఏప్రిల్

అక్కా,

నీ ఉత్తరం వచ్చాక రోజూ చెబుదామనుకున్నాను. పొద్దున అనుకుంటే సాయంత్రం, సాయంత్రం అనుకుంటే ఆదివారం. చివరికి నేను చెప్పకుండానే అయిపోయింది.

నిన్న మధ్యాహ్నం తలుపు కొట్టిన చప్పుడు. నేను వంటింట్లో ఉన్నాను, ఎమ్రిస్ వెళ్ళి తీశాడు. ఎదురుగా హేడన్, వెనకాల బృందంలో వాళ్ళు ఇంకో ఇద్దరు. బెథన్ మెట్ల మీద కనపడి సంగతంతా చెప్పిందట. హేడన్ ఈయన్ని కావలించుకుని ఆ పెద్ద గొంతుతో మొదలుపెట్టాడు. "బతికే ఉన్నావురా దొంగా! చెప్పులరిగేలా తిరిగాం నీ కోసం. వచ్చినప్పుడల్లా మీ ఆవిడ పడుకున్నాడంటుంది, ముఖం మీద తలుపేస్తుంది. చివరికి మా వాళ్ళు నిన్ను చంపి దాచేసిందేమో అనుకున్నారు!" అన్నాడు. అందరూ నవ్వారు.

ఎమ్రిస్ నవ్వలేదు. నావైపు తిరిగి చూశాడు. నేను చేతిలో కెటిల్ పట్టుకుని, నేల చూస్తూ నిలబడ్డాను. ఇప్పుడు అడుగుతాడు, వాళ్ళ ముందే అడుగుతాడు అనుకున్నాను. అడగనీ అనుకున్నాను.

"దాన్నేమీ అనకండిరా" అన్నాడు. "ఎవర్నీ రానివ్వొద్దని నేనే చెప్పాను. నా అవతారం మీరు చూడటం నాకిష్టం లేదు. పాపం, నా మాట కోసం మీ అందరి దగ్గర చెడ్డదైంది."

"ఛీ ఛీ, మా దగ్గర సిగ్గేంట్రా నీకు!" అన్నాడు హేడన్. తర్వాత నా దగ్గరికి వచ్చి, "తప్పుగా అనుకున్నాను చెల్లెమ్మా, క్షమించు" అన్నాడు. అక్కా, నాకు రెండోసారి క్షమాపణ దొరికింది. ఈసారి ఫరవాలేదని అనలేకపోయాను.

వాళ్ళు టీ తాగి, వెళ్ళేముందు ఒక పాట కూడా పాడారు. ఎమ్రిస్ రెండో చరణంలో తడబడ్డాడు. హేడన్ తనూ తడబడ్డట్టు నటించి మళ్ళీ మొదలుపెట్టాడు. వాళ్ళు వెళ్ళాక నేను గిన్నెలు కడుగుతుంటే ఎమ్రిస్ వచ్చి తుడిచే గుడ్డ తీసుకుని పక్కన నిలబడ్డాడు. మేమిద్దరం కాపురం పెట్టిన దగ్గర్నుంచి ఆయన అబద్ధమాడగా నేను వినలేదు. పన్ను కాగితాల్లో కూడా ఆడడు. నేను ఆగలేక, "ఎందుకలా చెప్పారు?" అన్నాను.

ఆయన ఒక కప్పు తుడిచాడు, ఇంకో కప్పు తుడిచాడు. "హేడన్ గొంతు నాకు వినపడేది డిలిస్, ఆ గదిలోంచి" అన్నాడు. "కల అనుకునేవాణ్ణి. రావాలని అంతగా కోరుకుంటున్నాను కాబట్టి కలలోకి వస్తున్నాడనుకునేవాణ్ణి."

కప్పులన్నీ అల్మరాలో సర్దాక గురువారం సాధనకు వెళతానన్నాడు. ఒక్కడే దారి తప్పుతాడేమోనని హేడన్ నన్ను కూడా రమ్మన్నాడట. అంతమంది ముందు, నేను మంచి ఇల్లాలినని నమ్మి కూర్చున్న వాళ్ళ ముందు, ఏ ముఖం పెట్టుకుని కూర్చోను? ఇంట్లో ఉండిపోతే బాగుండుననిపిస్తోంది. కానీ ఆయన ఇప్పుడే వచ్చి, నా కోటు కూడా తీసి కుర్చీ మీద వేసి వెళ్ళాడు.

వెళతాను అక్కా.

డిలిస్